ఇంటి బడిలో మొదటి పుస్తకము

చదువవలసిన వాక్యభాగములు: ద్వితీయోపదేశకాండము 6:4–9; 1 సమూయేలు 2:18–19; 3:11–14; ఎఫెసీయులకు 6:1–4; 2 తిమోతి 1:3–5; 3:14–17.

పాఠ సారాంశము: ఇంట చదువు చెప్పు తల్లిదండ్రులు ఎన్ని పుస్తకములు కొని తెచ్చినను, పిల్లలు మొదట చదువు పుస్తకము తల్లిదండ్రులే. ఆ పుస్తకములో ప్రభువు ప్రేమ కనబడుచున్నదా అనునదే ఈ పాఠము అడుగు ప్రశ్న.



2020వ సంవత్సరము మార్చి నెలలో కరోనా వ్యాధివలన దేశమంతట బడులు మూయబడెను. అంతవరకు బడికి పంపుటతో తమ పని తీరినదని యెంచిన తల్లిదండ్రులు అనేకులు తమ పిల్లలకు తామే అక్షరములు దిద్దింపవలసిన వారైరి. బడులు మరల తెరువబడిన తరువాత పిల్లలలో ఎక్కువమంది తిరిగి వెళ్లిరి. అయినను ఇంటియొద్దనే చదువు చెప్పు కుటుంబములు కొన్ని కలవు. ఉద్యోగములో తరచు బదిలీలగుటవలన గాని, సువార్త పనికై ఊరూర తిరుగవలసి వచ్చుటవలన గాని, బిడ్డ ఆరోగ్యమునుబట్టి గాని, లేబ్రాయమున పిల్లలు తమ చెంతనే యుండవలెనను కోరికచేత గాని వారట్లు చేయుచున్నారు.

అట్టి యింటిలో ఒక ఉదయమును తలంచుకొనుడి. పొయ్యిమీద అన్నము పొంగుచుండును. చంటిబిడ్డ యేడ్చుచుండును. అయిదేండ్ల పిల్ల పలక పట్టుకొని “అమ్మా, ఇది సరియేనా?” అని నాలుగవసారి అడుగుచుండును. ఏడేండ్లవాడు మూడవ యెక్కము నడుమ ఆగి వీధిలో పోవు లారీని చూచుచుండును. సాయంకాలమునకు ఆ తల్లి అలసి కూర్చుండి, “ఈ దినమున నేనేమి నేర్పితిని?” అని లోలోపల క్రుంగిపోవును. బంధువులు వచ్చి “పిల్లల బ్రతుకు పాడుచేయుచున్నారు” అని ఒక మాట అని పోవుదురు. ఆ మాట రాత్రి నిద్ర పట్టనియ్యదు.

ఆ తల్లికిని, ఆమెతో కాపురము చేయు తండ్రికిని ఈ పాఠము వ్రాయుచున్నాము. పిల్లలను బడికి పంపువారును దీనిని చదువవలెను. ఇంటనే చదువు చెప్పుట క్రైస్తవులందరికి విధి యని లేఖనము చెప్పుట లేదు. మన ప్రభువు తాను పండ్రెండేండ్ల బాలుడై యున్నప్పుడు దేవాలయములో బోధకుల నడుమ కూర్చుండి వారి మాటలు వినుచు ప్రశ్నించెను (లూకా 2:46). అయితే బడి యెక్కడనున్నను, తల్లిదండ్రుల నుండి తీసివేయబడని పని యొకటి యున్నది. దానిని వెదకుదము.

1. వాక్యము చూపు నాలుగు వేళలు

ఇశ్రాయేలీయులు యొర్దాను దాటకముందు మోయాబు మైదానములలో మోషే వారితో మాటలాడెను. ద్వితీయోపదేశకాండము ఆరవ అధ్యాయములో ఆ మాటల క్రమమును గమనింపుడి. దేవుని ఆజ్ఞలు మొదట పెద్దవారి హృదయములో నుండవలెను. ఇది ఆరవ వచనము. తరువాతనే వాటిని పిల్లలకు నేర్పవలెను. ఇది ఏడవ వచనము. తల్లిదండ్రుల హృదయములో లేనిది పిల్లల చెవిలో వేయుటకు వీలులేదు.

పిమ్మట మోషే నాలుగు వేళలను పేర్కొనెను. ఇంట కూర్చున్న వేళ, త్రోవను నడచు వేళ, పరుండు వేళ, లేచు వేళ. వీటిలో గంట కొట్టి ప్రారంభించు బడివేళ ఒక్కటియు లేదు. అన్నియు కుటుంబము సహజముగా కలిసియుండు వేళలే. దినములో ముక్కలు ముక్కలుగా పోయినదని తల్లి చింతించు సమయమునే దేవుడు పాఠమునకు ఏర్పరచియున్నాడు.

పాఠము ఎట్లు మొదలగునో కూడ లేఖనము చూపుచున్నది. పస్కాను ఆచరించునప్పుడు ఇది యేమని పిల్లలు అడుగుదురనియు, అప్పుడు పెద్దలు చెప్పవలెననియు నిర్గమకాండము 12:26లో నున్నది. యొర్దాను నుండి తెచ్చిన రాళ్లను చూచి పిల్లలు అడుగుదురని యెహోషువ 4:6 చెప్పుచున్నది. అనగా పిల్లల ప్రశ్న చదువునకు అడ్డము కాదు. అదే చదువునకు తలుపు. రోజుకు నూరు ప్రశ్నలు అడుగు బిడ్డ గల తల్లి దీనిని జ్ఞాపకముంచుకొనవలెను.

తిమోతి తండ్రి గ్రీసుదేశస్థుడు (అపొ. 16:1). అతనిని లేఖనములలో పెంచినవారిగా లేఖనము పేరుపెట్టి చూపువారు అవ్వ లోయియును, తల్లి యునీకేయును. హన్నా సమూయేలును పాలు విడుచువరకు మాత్రమే తనయొద్ద ఉంచుకొనెను. తరువాత సంవత్సరమునకొకసారి చిన్న అంగీ కుట్టి తీసికొనిపోయెడిది. పిల్లలు మన చెంత నుండు కాలము కొద్దిది. ఆ కొద్ది కాలములో వారి హృదయముమీద వ్రాయబడినది నిలుచును.

దీనికి ఎదురుగా ఏలీని చూడుడి. అతడు యాజకుడు, దేవుని మందిరములో బాలుడగు సమూయేలుకు బోధకుడు. అయినను తన సొంత కుమారులు చెడిపోవుచుండగా వారిని అడ్డగింపలేదు. ఇతరుల పిల్లలకు బోధించు మనమందరము ఆగి చదువవలసిన భాగమిది.

2. ఎప్‌వర్త్ గృహము

ఇంగ్లాండు దేశమందు లింకన్‌షైరులో ఎప్‌వర్త్ అను చిన్న పట్టణము కలదు. అచ్చటి గురువు సామ్యూలు వెస్లీ. ఆయన భార్య సూసన్న (1669–1742). ఆమె పందొమ్మిదిమందిని కనెను. వారిలో పదిమంది మాత్రమే పెరిగి పెద్దవారైరి. మెథడిస్టు ఉజ్జీవమునకు నాయకుడైన జాన్ వెస్లీయు, కీర్తనల రచయిత చార్లెసు వెస్లీయు ఆమె కుమారులే. మెదకు ప్రాంతమున సేవచేసిన వెస్లియన్ మిషనునకు ఆ పేరు ఈ కుటుంబమునుండియే వచ్చినది.

అది కలిగినవారి యిల్లు కాదు. 1705లో భర్త అప్పులనిమిత్తము లింకన్ కోటలో ఖైదీగా నుండెను. 1709 ఫిబ్రవరిలో ఇల్లు కాలిపోగా పిల్లలను కొంతకాలము ఇతరుల యిండ్లలో ఉంచవలసి వచ్చెను. అట్టి యిబ్బందులలో ఆమె ఇరువది సంవత్సరములకు పైగా తన పిల్లలకు తానే చదువు చెప్పెను. ఆ క్రమమును 1732 జూలైలో జానుకు వ్రాసిన ఉత్తరములో ఆమెయే వివరించెను.

బిడ్డకు అయిదేండ్లు నిండిన మరునాడు చదువు ప్రారంభము. దానికి ముందుదినమున ఇల్లు సర్ది, ఎవరి పని వారికి ఒప్పగించి, ఉదయము తొమ్మిది మొదలు పండ్రెండు వరకును, మధ్యాహ్నము రెండు మొదలు అయిదు వరకును ఆ గదిలోనికి ఎవరును రాకూడదని ఆజ్ఞ యిచ్చెడిది. అక్షరములు వచ్చిన వెంటనే ఆదికాండము మొదటి అధ్యాయమే వాచకము. ఒక వచనము తడుముకొనకుండ చదువగలుగువరకు రెండవదానికి పోరాదు. సాయంకాలము అయిదు గంటలకు పెద్ద పిల్లలు చిన్నవారిని ఒక్కొక్కరిని తీసికొని, ఆనాటి కీర్తనలను క్రొత్త నిబంధనలో ఒక అధ్యాయమును చదివి వినిపించెడివారు. ఆడపిల్ల బాగుగా చదువనేర్చువరకు ఆమెకు కుట్టుపని అప్పగింపరాదను నియమము కూడ ఆ యింటిలో నుండెను. ఆ కాలమున ఇది గొప్ప మాట.

అయితే ఈ గడియారపు క్రమము కంటె మన మనస్సును తాకు సంగతి వేరొకటి కలదు. 1711–12 చలికాలమున భర్త లండనులో నుండగా, పెద్ద కుమార్తె ఎమిలీ తండ్రి గదిలో ఒక పుస్తకము కనుగొని తల్లికి చదివి వినిపించెను. అది తరంగంబాడిలోని డేనిష్ మిషనెరీల వృత్తాంతము. సీగెన్‌బాల్గ్, ప్లూచౌ అను ఇద్దరు 1706లో మన దక్షిణదేశపు తీరమున దిగి పనిచేయుచుండిరి. బైబిలును మొదట తెలుగులోనికి తర్జుమా చేసిన బెంజమిన్ షుల్జ్ తరువాత ఆ మిషనుకే వచ్చినవాడు. ఆ తర్జుమా అచ్చు కాలేదు. ఈ వృత్తాంతము వినినప్పుడు సూసన్న హృదయము మండెను. తాను మిషనెరీగా వెళ్లజాలదు. అయితే తన పిల్లలతోనే పని ప్రారంభింపవచ్చునని తీర్మానించుకొనెను.

అప్పటినుండి ప్రతి రాత్రి ఒక్కొక్క బిడ్డతో ఏకాంతముగా కూర్చుండి మాటలాడెడిది. సోమవారము మాలీ, మంగళవారము హెట్టీ, బుధవారము నాన్సీ, గురువారము జాకీ, శుక్రవారము ప్యాటీ, శనివారము చార్లెసు, ఆదివారము ఎమిలీయు సూకీయు. అప్పుడు చార్లెసుకు నాలుగేండ్లు. జాకీ యనగా జాన్ వెస్లీ, ఎనిమిదేండ్లవాడు. అతడు పెద్దవాడై ఆక్స్‌ఫర్డులో బోధకుడుగా నున్నప్పుడు, ఆ గురువారపు వేళలో కొంచెము తనకు మరల కావలెనని తల్లికి వ్రాసెను. ఆరు గంటల బడిని గూర్చి అతడట్లు అడుగలేదు. అమ్మ తనకొక్కనికే యిచ్చిన ఆ సాయంకాలమును అడిగెను.

3. మన యిండ్లలో ఒక దినము

ఇప్పుడు మన యిండ్లకు వత్తము. ఎప్‌వర్త్‌లోని ఆరు గంటలను అట్లే దింపుకొనవలెనని మేము చెప్పుటలేదు. అయిదారేండ్ల బిడ్డ ఒక్క పనిమీద పదునైదు, ఇరువది నిమిషములు మనస్సు నిలుపుట గొప్ప. కొంచెము చదివి, లేచి ఆడి, మరల కూర్చుండుట మేలు. అయితే ప్రతిదినము ఒక నియమిత వేళ యుండవలెను. ఆ వేళలో తల్లి ఫోను ప్రక్కకు పెట్టవలెను. ఇల్లు సర్ది, రావద్దని చెప్పి కూర్చుండిన సూసన్నలోని ఈ గుణము ఏ కాలమునకైనను చెల్లును.

లేచు వేళ: పక్కబట్టలు మడచుచు ఒక చిన్న ప్రార్థన. మూడేండ్ల బిడ్డ చెప్పగలిగినంతే చాలును.

ఇంట కూర్చున్న వేళ: అక్షరములు, లెక్కలు. ఇంగ్లీషు అక్షరములు ఇరువదియారు. తెలుగు అక్షరములు ఏబదికి పైగా నున్నవి. పిమ్మట గుణింతములు, ఆపైన ఒత్తులు. వెస్లీ పిల్లలు ఒక దినములో అక్షరములు నేర్చిరని చదివి మన బిడ్డను తొందరపెట్టరాదు. ఆ యింటిలోను ఇద్దరు ఆడపిల్లలకు దినమున్నర పట్టినది. అప్పుడు వారు మందమతులని తాను తలంచెననియు, ఇతర పిల్లలకెంత కాలము పట్టునో చూచిన తరువాత ఆ తలంపు మార్చుకొనెననియు ఆ తల్లియే వ్రాసెను.

బైబిలును తెలుగులో చదువనేర్పుట నేడు ముఖ్యమైన పని. ఇంగ్లీషు మీడియములో పెరుగు పిల్లలనేకులు గుడిలో పాటల పుస్తకము పట్టుకొందురు గాని చదువలేరు; అవ్వ చదువు బైబిలు వారికి మూసిన పుస్తకమగుచున్నది. గుణింతములు వచ్చిన బిడ్డ ‘వెలుగు’ అను మాటను ఒత్తు లేకుండ చదువగలదు. ఆదికాండము మొదటి అధ్యాయములో ఆ మాట ఎన్నిసార్లు వచ్చినదో వేలు పెట్టి వెదకింపుడి. వెదకుటలో చదువును వచ్చును, లెక్కయు వచ్చును, సృష్టికర్తను గూర్చిన ప్రశ్నయు వచ్చును.

లెక్కలకు వంటయిల్లు మంచి బడి. ఆరుగురికి రెండు గ్లాసుల బియ్యమైతే ముగ్గురికెంత? చిక్కుడుకాయలు ఒలిచి పదేసి గింజలుగా కుప్పలు పెట్టించుడి.

త్రోవను నడచు వేళ: కూరగాయల బజారునకు పోవునప్పుడు బిడ్డచేత ధర అడిగించి, మిగిలిన చిల్లర లెక్కింపనిండు. అమ్మువాడు పొరబాటున ఎక్కువ యిచ్చినచో బిడ్డచేతనే తిరిగి ఇప్పింపుడి. పది ఆజ్ఞలలో ఎనిమిదవదానికి ఇంతకంటె మంచి వ్యాఖ్యానము దొరకదు. ఆ దినమున తీసివేతల పుస్తకము తెరువకున్నను నష్టము లేదు.

పరుండు వేళ: ఒక్కొక్క రాత్రి ఒక్కొక్క బిడ్డతో పది నిమిషములు. పాఠము అప్పగించుకొనుటకు కాదు, వినుటకు. “ఈ దినమున నీకేది సంతోషము? నీకేది భయము?” అని అడిగి ఊరకుండుడి. చీకటిలో పిల్లలు పగటివేళ చెప్పని మాటలు చెప్పుదురు.

4. పాఠము తప్పిన వేళ

ఇంటి బడిలో ఒక గొప్ప మేలు కలదు. ఒక గొప్ప అపాయమును కలదు. రెంటికిని కారణమొకటే. బోధించునది అమ్మయే.

బడిలో పంతులు కోపించినను బిడ్డ సాయంకాలము ఇంటికి వచ్చి అమ్మ ఒడిలో దాగుకొనును. ఇంట చదువు బిడ్డకు ఆ పరుగు లేదు. లెక్క తప్పి తలయెత్తి చూచినప్పుడు అక్కడ నున్నది అమ్మ ముఖమే. ఆ ముఖములో వాడు ఏమి చదువునో అదే వాని మొదటి పుస్తకము. “తప్పు చేసినను నేను నీ వాడనే” అని చదివినయెడల, తరువాత ఒకనాడు పరలోకపు తండ్రిని గూర్చి విన్నప్పుడు నమ్ముట వానికి సులభము. “లెక్క సరియైన దినమున మాత్రమే నేను ముద్దు” అని చదివినయెడల, కృపను గూర్చి మనమెన్ని వాక్యములు కంఠస్థము చేయించినను వాని హృదయము వేరొక పాఠము నేర్చుకొనియుండును.

తండ్రులు పిల్లలకు కోపము రేపకూడదని పౌలు ఎఫెసీయులకు వ్రాసెను. కొలొస్సయి సంఘమునకు వ్రాయుచు దానికి కారణమును చెప్పెను: వారి మనస్సు క్రుంగకుండునట్లు (3:21). ఎప్‌వర్త్ ఉత్తరములోని నియమములు ఇక్కడ సహాయము చేయును. తప్పు ఒప్పుకొని దిద్దుకొందునని చెప్పిన బిడ్డను శిక్షింపరాదు. భయమువలన అబద్ధములు పుట్టునని ఆమె యెరిగెను. ఒక్క తప్పునకు రెండుసార్లు గద్దింపరాదు. ఇంకొకటి మరి అమూల్యము: సంతోషపెట్టవలెనని బిడ్డ ఒక పని చేసినయెడల, అది చక్కగా కుదురకపోయినను, ఆ ఉద్దేశమును దయతో అంగీకరించి, ఇకమీద బాగుగా చేయు రీతిని మృదువుగా చూపవలెను. నేలంతయు తడిపి గ్లాసులు కడిగిన నాలుగేండ్ల పిల్లను చూచినప్పుడు ఈ నియమము జ్ఞాపకము తెచ్చుకొనుడి.

అయితే సూసన్న చేసినదంతయు మనకు మాదిరి కాదు. ఏడాది బిడ్డకే బెత్తమునకు భయపడుట నేర్పుట ఆ యింటి పద్ధతి. దానిని మనము అనుసరింపనక్కరలేదు. 2009లో చేయబడిన విద్యాహక్కు చట్టము బడిలో పిల్లలను కొట్టుటను, మానసికముగా వేధించుటను నిషేధించినది. బడిలో పంతులు చేయరానిదానిని ఇంటి బడిలో తల్లిదండ్రులు చేయుట తగునా?

ఇంకొక సంగతిని దాచకుండ చెప్పవలెను. ఆ మంచి బడిలో చదివిన పిల్లలందరి జీవితములు సుఖముగా నడువలేదు. తెలివిగలదియు కవయిత్రియునైన హెట్టీ వివాహము ఎంతో దుఃఖకరమాయెను. చక్కని క్రమము చక్కని ఫలితమునకు పూచీ కాదు. నాటువారు, నీరు పోయువారు మనుష్యులు, వృద్ధి కలుగజేయువాడు దేవుడు (1 కొరింథీ. 3:6–7). ఈ మాట మన గర్వమును అణచును. మన భయమును కూడ అణచును.

5. తండ్రి పని, సంఘము పని

ఎఫెసీ పత్రికలోని ఆజ్ఞ తండ్రుల పేరట వ్రాయబడినది. ఉద్యోగమునుండి వచ్చి “ఈ దినమున ఏమి చదివించితివి?” అని లెక్క అడుగుట తండ్రి పని కాదు. చంటిబిడ్డను అరగంట యెత్తుకొనుట, రాత్రి బైబిలు కథ తానే చెప్పుట, వారములో ఒక సాయంకాలము పిల్లలను బయటకు తీసికొనిపోయి భార్యకు విశ్రాంతినిచ్చుట అతని పని. అలసిన తల్లి ముఖములో దయ నిలువవలెనన్న, ఆమె భారమును మోయు భుజము మరియొకటి కావలెను.

చట్టమును గూర్చిన చింత కొందరికి కలదు. ఇంట చదివిన పిల్లలకు పరీక్షల మార్గము మూయబడలేదు. పదునాలుగేండ్లు నిండినవారు జాతీయ సార్వత్రిక విద్యాపీఠము ద్వారా పదవ తరగతికి సమానమైన సెకండరీ పరీక్షకు చేరవచ్చును. కాబట్టి చదువును క్రమముగా, నిజాయితీగా సాగింపవలెను. ‘ఇంటి చదువు’ అను పేరు సోమరితనమునకు ముసుగు కారాదు. తల్లిదండ్రులకు చేతకాని పాఠములు వచ్చినప్పుడు ఇతరుల సహాయము కోరుటయు, మేలని తోచినప్పుడు బడిలో చేర్చుటయు ఓటమి కాదు.

సంఘము ఇట్టి యిండ్లను విమర్శించుటకంటె దర్శించుట మేలు. ఉద్యోగ విరమణ చేసిన ఉపాధ్యాయులు మన సంఘములలో ఎందరు లేరు? వారములో ఒక గంట లెక్కలు చెప్పుటకు వారు రావచ్చును. ఇంట చదువు పిల్లలకు తోడివారు కావలెను. ఆదివారపు బడి వారికి ఆ స్నేహములనిచ్చు చోటు కావలెను. వంట తెచ్చియిచ్చు ఒక అవ్వ, ఆ దినమున ఆ తల్లికి ప్రభువు పంపిన దూతయే.

ఆలోచించుటకు ప్రశ్నలు

1. మోషే చెప్పిన నాలుగు వేళలలో మన యింట ప్రభువు మాట వినబడు వేళ ఏది? వినబడని వేళ ఏది?

2. మన పిల్లలలో ప్రతివానికి ఏకాంతముగా మనము ఇచ్చు సమయము వారమునకెంత?

3. బిడ్డ పాఠము తప్పి తలయెత్తినప్పుడు మన ముఖములో ఏమి చదువుచున్నది?

4. ఈ నెలలో మన సంఘములోని ఏ తల్లికి ఒక గంట విశ్రాంతి యియ్యగలము?

కుటుంబ ప్రార్థన

చిన్నబిడ్డలను దగ్గరకు పిలిచిన ప్రభువా, నీవు మా చేతికప్పగించిన పిల్లలకొరకు నీకు స్తోత్రము. మా చాలనితనము నీకు తెలియును. మా వంటయింటిని, మా పలకను, మా త్రోవను, మా పడకను నీ బడిగా చేయుము. మేము అలసినప్పుడు మా నోటికి కావలియుంచుము. మా పిల్లలు మా ముఖములను చూచి నీ ముఖమును వెదకునట్లు మమ్మును దిద్దుము. మేము నాటినదానికి నీవే వృద్ధి కలుగజేయుము. యేసుక్రీస్తు నామమున వేడుకొనుచున్నాము. ఆమేన్.